డేటన్ (ఒహాయో) అంటే రైట్ బ్రదర్సేనా? ఈ ఊరివాళ్ళు ఇంకెవరున్నారు?

శీను_బీవర్‌క్రీక్:
అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా ఏప్రిల్‌లో వచ్చారు, సెప్టెంబర్ దాకా ఉంటారు. అమ్మకి మనవరాలితో పొద్దు తెలియడం లేదు, చిక్కంతా నాన్నతోనే. ఆర్టీసీ డిపోలో ముప్పై మూడేళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి, ఖాళీగా కూర్చోవడం చేతకాదు, మా గరాజ్‌లో ఉన్న ప్రతి నట్టూ బోల్టూ ఇప్పటికే సైజులవారీగా డబ్బాల్లోకి వెళ్ళిపోయాయి. ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి మూడుసార్లు తీసుకెళ్ళాను (టికెట్ లేదు కాబట్టి సరిపోయింది). నాలుగోసారి వెళ్దామా అంటే "విమానాలు చూశాం గదరా, ఈ ఊళ్ళో ఆ అన్నదమ్ములిద్దరు తప్ప ఇంకెవరూ పుట్టలేదా?" అన్నారు. ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఒక్క పేరు నోటికి రాలేదు. సిగ్గేసింది. తెలిసినవాళ్ళు చెప్పండి, వెళ్ళి చూడగలిగే చోటు ఉంటే అది కూడా.

కొలంబస్_కిట్టు:
ఉన్నవాళ్ళంతా ఊరొదిలి వెళ్ళిపోయారు బ్రో, ఇంకెవరుంటారు 😀 1960లో 2 లక్షల 62 వేలున్న జనం 2020 లెక్కల్లో 1 లక్షా 37 వేలు. అసలు ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన విల్బర్ కూడా డేటన్‌లో పుట్టలేదు, ఇండియానాలో పుట్టాడు. అంకుల్‌ని ఒక వీకెండ్ మా ఊరు తీసుకురండి.

పాతకాపు_98:
కిట్టూ, నువ్వు ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే పాట. శీనూ, నేను 98లో వచ్చాను, అప్పటికి ఇక్కడ మన కిరాణా షాపు కూడా సరిగా లేదు, కాబట్టి సాయంత్రాలు లైబ్రరీలో గడిపి ఈ ఊరి చరిత్రంతా వంటబట్టించుకున్నా. నాన్నగారికి ముందు గల్లాపెట్టె కథ చెప్పు. జేమ్స్ రిట్టీ అని డేటన్‌లో ఒక బార్ ఓనరు. కౌంటర్ దగ్గర పనివాళ్ళు డబ్బులు నొక్కేస్తున్నారని ఆయన బాధ. ఓడలో యూరప్ వెళ్తుంటే అడుగున ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే మీటరు కనబడింది, చుట్లు లెక్కపెట్టగలిగినప్పుడు డబ్బులు లెక్కపెట్టలేమా అనిపించింది, తిరిగొచ్చి సోదరుడితో కలిసి 1879లో మొదటి క్యాష్ రిజిస్టర్ చేశాడు. దానికి పెట్టిన పేరు చూడు, 'లంచం తినని క్యాషియర్' అని అర్థం వచ్చేలా పెట్టాడు. ఆయన దాంతో పెద్దగా సంపాదించలేదు. సంపాదించింది జాన్ ప్యాటర్సన్. 1884లో ఆ వ్యాపారం కొని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ పెట్టాడు. సేల్స్ వాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడం, ఏం మాట్లాడాలో అచ్చువేసి కంఠతా పట్టించడం, ఫ్యాక్టరీకి గోడల బదులు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టి వెలుతురు రానివ్వడం, ఇవన్నీ ఆయన చేసినవే. మనిషి మాత్రం చండశాసనుడు, ఎవరిని ఎప్పుడు ఉద్యోగంలోంచి పీకేస్తాడో ఆయనకే తెలియదు. అలా 1914లో బయటికి పంపినవాడే థామస్ వాట్సన్. ఆయన వెళ్ళి నిలబెట్టిన కంపెనీకి తర్వాత పడిన పేరు ఐబీఎం.

కొత్తబిచ్చగాడు:
అంటే మా సీనియర్లు సగం మందికి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ వెనక డేటన్‌లో తన్ని తరిమేసిన మనిషి ఉన్నాడన్నమాట. ఇది లింక్డ్‌ఇన్‌లో పెట్టాల్సిన కథ అన్నా.

పాతకాపు_98:
కథ అక్కడ అయిపోలేదు. పోటీ కంపెనీలను తొక్కేశారని కేసు పడి, 1913 ఫిబ్రవరిలో ప్యాటర్సన్‌కీ వాట్సన్‌కీ ఇంకా చాలామందికీ జైలుశిక్ష పడింది. నెల తిరిగేసరికి మార్చి 25న గ్రేట్ మియామీ నది కట్టలు తెంచుకుని ఊళ్ళోకి వచ్చేసింది. కట్ట తెగకముందే ఈయన ఫ్యాక్టరీలో క్యాష్ రిజిస్టర్ల పని ఆపించి పడవలు చెయ్యమన్నాడు. అడుగు చదునుగా ఉండే చెక్క పడవలు, దాదాపు 300. ఫ్యాక్టరీయే వంటశాల, ఆసుపత్రి, పడకలు అన్నీ అయింది. డేటన్ పరిసరాల్లో 360 మందికి పైగా పోయారు, ఈయన లేకపోతే ఇంకెంతమందో. మొన్నటిదాకా దొంగ అన్న ఊరే దేవుడంది. శిక్ష 1915లో పైకోర్టులో కొట్టేశారు, ఒక్కరోజు కూడా జైల్లో కూర్చోలేదు. దేవుడో దొంగో నేను చెప్పలేను గానీ రెండూ ఒకే మనిషి చేశాడు.

ఆ వరద తర్వాత ఊరివాళ్ళు 20 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగేసి, ఆర్థర్ మోర్గన్ అనే ఇంజినీర్‌ని పిలిచి, ఢిల్లీ... సారీ, వాషింగ్టన్ నుంచి పైసా తీసుకోకుండా ఐదు డ్యాములు కట్టించుకున్నారు. 1922కి పూర్తి. ఎండు డ్యాములు. మామూలు రోజుల్లో అడుగున తూముల్లోంచి నది దాని దారిన అది పోతుంది, వరదొస్తే ఆ తూముల్లో పట్టినంతే దిగువకి వస్తుంది, మిగతాది వెనకాల పొలాల్లో నిలిచి మెల్లగా దిగుతుంది. గేట్లు ఎత్తడం దించడం లేదు, కరెంటు అక్కర్లేదు. వందేళ్ళుగా పనిచేస్తోంది. ఇంగిల్‌వుడ్ డ్యామ్ మీద కారు పోతుంది, నాన్నగారికి చూపించు.

సెంటర్‌విల్_అమ్మలు:
ఏమండీ, మగవాళ్ళ పేర్లే చెప్పుకుంటూ పోతారా? ఆ అన్నదమ్ములకి ఒక చెల్లెలుంది, క్యాథరిన్ రైట్. ఆర్విల్, ఈవిడ ఇద్దరూ పుట్టింది ఆగస్టు 19నే, మూడేళ్ళ తేడాతో, ఇద్దరూ డేటన్‌లోనే. ఆ ఇంట్లో కాలేజీ డిగ్రీ ఉన్న పిల్ల ఈవిడ, అన్నలిద్దరికీ హైస్కూల్ సర్టిఫికెట్ కూడా చేతికి రాలేదు. తల్లి టీబీతో పోయాక పదిహేనేళ్ళు నిండకుండానే ఇల్లు మీద పడింది. తర్వాత ఓబెర్లిన్ కాలేజీలో చదువుకుని వచ్చి హైస్కూల్లో లాటిన్ చెప్పేది. 1908 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ దగ్గర ఆర్విల్ విమానం కూలింది, పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు, ఆర్విల్‌కి కాలు, పక్కటెముకలు విరిగాయి. కబురు అందిన రోజే ఈవిడ స్కూల్‌కి సెలవు పెట్టి రైలెక్కింది, మళ్ళీ ఆ ఉద్యోగంలోకి వెళ్ళనే లేదు. ఏడు వారాలు ఆసుపత్రిలో మంచం పక్కనే ఉంది. తర్వాత యూరప్‌లో రాజులతో మాట్లాడింది ఈవిడే, అన్నలకి నోట్లోంచి మాట వచ్చేది కాదు.

ఇక చివరిది వినండి. యాభై దాటాక 1926లో తనతో చదువుకున్న హెన్రీ హాస్కెల్ అనే పత్రికాయన్ని పెళ్ళి చేసుకుంది. ఆర్విల్ పెళ్ళికి రాలేదు, మాట్లాడలేదు, ఉత్తరం ముక్క రాయలేదు. చెల్లి తనను వదిలేసిందట! రెండేళ్ళు దాటాక న్యుమోనియాతో చావు బతుకుల్లో ఉంటే అప్పుడు, అదీ ఇంకో అన్న బలవంతం మీద, రైలెక్కి వెళ్ళాడు. 1929లో ఆవిడ పోయింది. నాకైతే ఆ విమానం బొమ్మ చూసినప్పుడల్లా ఆర్విల్ మీద మండిపోతుంది.

కొలంబస్_కిట్టు:
ఆంటీ, గాల్లో ఎగిరినవాడి మీద ఇంత కోపమా?

సెంటర్‌విల్_అమ్మలు:
ఎగిరితే ఎగిరాడులే నాయనా, చెల్లెలికి ఒక ఉత్తరం రాయడానికి రెక్కలు అక్కర్లేదుగా.

పుస్తకాలపురుగు:
ఈ థ్రెడ్‌లో ఇంకా ఆ పేరు రాలేదేంటా అని చూస్తున్నా. పాల్ లారెన్స్ డన్‌బార్. 1872లో డేటన్‌లో పుట్టాడు, అమ్మా నాన్నా ఇద్దరూ కెంటకీలో బానిసలుగా బతికినవాళ్ళు, నాన్న పారిపోయి అంతర్యుద్ధంలో సైనికుడిగా పోరాడాడు. సెంట్రల్ హైస్కూల్లో తన తరగతిలో నల్ల పిల్లాడు ఇతనొక్కడే, అయినా సాహిత్య సంఘానికి అధ్యక్షుడు, స్కూల్ పత్రికకి ఎడిటర్. క్లాస్‌మేట్ ఎవరనుకున్నారు, ఆర్విల్ రైటే. 1890లో డన్‌బార్ 'డేటన్ టాట్లర్' అని నల్లవాళ్ళ కోసం ఒక పత్రిక మొదలుపెడితే అచ్చువేసింది రైట్ బ్రదర్స్ ప్రెస్. అప్పటికి వాళ్ళకి విమానం ఊసు లేదు, ప్రెస్ నడిపేవాళ్ళు. మూడు సంచికలకే డబ్బుల్లేక ఆగిపోయింది.

అంత చదివినవాడికి ఊళ్ళో ఏ ఆఫీసులోనూ గుమాస్తా ఉద్యోగం దొరకలేదు, రంగు వల్ల. దొరికింది క్యాలహన్ బిల్డింగ్‌లో లిఫ్ట్ నడిపే పని, వారానికి 4 డాలర్లు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య రాసుకునేవాడు. 1892 చివర్లో మొదటి పుస్తకం వేయించుకున్నాడు, అచ్చు ఖర్చు 125 డాలర్లు. ఆ అప్పు ఎలా తీర్చాడంటే, తన లిఫ్ట్ ఎక్కినవాళ్ళకే ఒక్కో కాపీ డాలర్‌కి అమ్మాడు. లిఫ్ట్‌లో ఉన్నవాడు ఎటూ పారిపోలేడు కదా. నేను కవితల పుస్తకం వేసి మూడేళ్ళయింది, ఇంట్లో ఇంకా రెండు అట్టపెట్టెలున్నాయి, ఈయన్ని తలుచుకుంటే కుళ్ళు పుడుతుంది.

కొత్తబిచ్చగాడు:
డన్‌బార్ ఎవరో తెలియకుండానే రెండేళ్ళు రైట్ స్టేట్‌లో చదివేశా. మా యూనివర్సిటీ లైబ్రరీ పేరు డన్‌బార్ లైబ్రరీ. ఎవరో డబ్బులిచ్చిన పెద్దమనిషి అనుకున్నా, ఏసీ బాగుంటుందని వెళ్ళి పడుకునేవాళ్ళం.

పుస్తకాలపురుగు:
పడుకున్నావు సరే, ఇప్పుడు వెళ్ళి ఒకటి చదువు. పంజరంలో పక్షి ఎందుకు పాడుతుందో నాకు తెలుసు అనే మాట ఆయనదే, రచయిత్రి మాయా ఏంజెలౌ తన ఆత్మకథకి పేరు అక్కడినుంచే తీసుకుంది. 1896లో హోవెల్స్ అనే పెద్ద విమర్శకుడు హార్పర్స్ వీక్లీలో ఆకాశానికెత్తి రాశాడు, దాంతో దేశమంతా పేరొచ్చింది. కానీ మెచ్చుకుంది నల్లవాళ్ళ యాసలో రాసినవాటినే. గ్రాంథికం కాదుగానీ, మంచి ఇంగ్లీషులో రాసినవి ఆయన ప్రాణం పెట్టి రాసుకున్నవి, వాటిని ఎవరూ అడగలేదు. సభకి పిలిచి 'ఆ యాసది ఒకటి వదలండి' అనేవాళ్ళు. మన దగ్గర యాస పాత్రని కామెడీకి పెట్టుకున్నట్టే. ఆ బాధని కూడా ఒక కవితలో పెట్టేశాడు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఊరికే పొగిడి వదిలేస్తే తప్పు. ఆయన భార్య ఆలిస్ స్వయంగా మంచి రచయిత్రి, ఆవిడని తాగి కొట్టేవాడు, 1902లో ఆవిడ వదిలేసి వెళ్ళిపోయింది, మళ్ళీ చూడలేదు. టీబీ ముదిరి 1906 ఫిబ్రవరిలో అమ్మ దగ్గరే పోయాడు, 33 ఏళ్ళు. కొడుకు పోయాక ఆ తల్లి మటిల్డా అదే ఇంట్లో 1934 దాకా బతికింది, ఆయన గదిని అలాగే ఉంచింది. ఆ ఇల్లు ఇప్పుడు చూడొచ్చు. డేటన్ పడమట వైపు, వీధికి కూడా ఆయన పేరే.

శీను_బీవర్‌క్రీక్:
నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. లిఫ్ట్ కథకి నవ్వారు, తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. క్యాథరిన్ గురించి విని అమ్మ "ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటే అలిగే అన్నలు అమెరికాలోనూ ఉన్నారా" అంది. నాన్న అడిగింది మాత్రం వేరే: "ఆ అన్నదమ్ములు సైకిళ్ళు చేసేవాళ్ళు సరే, ఇంజిన్ ఎవరు చేశారు? సైకిల్ షాపులో ఇంజిన్ రాదుగా." నాకు తెలియదు. ఎవరైనా?

ఇంజిన్_ఆయిల్:
ఆహా, నాన్నగారికి దండం. ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను, ఇంజిన్ల పనే.

చార్లీ టేలర్. రైట్ వాళ్ళ సైకిల్ షాపులో 1901లో రిపేర్లకి చేరాడు, గంటకి 30 సెంట్లు. విమానానికి ఇంజిన్ కావాలని వీళ్ళు కార్ల కంపెనీలకి ఉత్తరాలు రాస్తే తేలికగా ఉండి అంత పవరిచ్చేది ఎవరూ చేసివ్వలేదు. అయితే మనమే చేద్దాం అన్నారు. చార్లీకి అంతకుముందు ఇంజిన్‌తో ఉన్న అనుభవం ఒక కారు ఇంజిన్ రిపేరుకి ప్రయత్నించడమే, అదీ కుదర్లేదు. షాపు వెనక గదిలో ఒక లేత్, ఒక డ్రిల్ ప్రెస్, అంతే సామాను. సరైన డ్రాయింగుల్లేవు, చిత్తు కాగితం మీద గీసి బెంచీ ముందు మేకుకి తగిలించుకునేవాడు.

క్రాంక్‌షాఫ్ట్ ఎలా చేశాడో నాన్నగారికి వివరంగా చెప్పండి. దళసరి ఉక్కు పలక తీసుకుని దానిమీద షాఫ్ట్ ఆకారం గీశాడు. గీత వెంబడి వరసగా డ్రిల్‌తో చిల్లులు వేసుకుంటూ పోయాడు. తర్వాత ఉలీ సుత్తీ పట్టుకుని ఆ చిల్లుల మధ్య మిగిలిన ముక్కల్ని కొట్టి ఊడగొట్టాడు. అప్పుడు లేత్ మీద పెట్టి సైజుకి తిప్పాడు. బ్లాకు అల్యూమినియం, ఊళ్ళోనే పోత పోయించారు. నాలుగు సిలిండర్లు, 12 హార్స్ పవర్, స్పార్క్ ప్లగ్గుల్లేవు, మనం ఇప్పుడనే కార్బ్యురేటర్ లేదు. ఆరు వారాల్లో అయిపోయింది. 1903 ఫిబ్రవరిలో టెస్ట్ చేస్తుంటే బ్లాకు పగిలింది, మళ్ళీ పోయించి మళ్ళీ చేశారు. డిసెంబర్ 17న కిట్టీ హాక్‌లో 12 సెకన్లు, 120 అడుగులు, అందరికీ తెలిసిందే. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు పోయాడు, అది ఎవరూ చెప్పరు. చార్లీ మాత్రం ఆ రోజు అక్కడ లేడు. డేటన్‌లో షాపు చూసుకుంటున్నాడు.

పాతకాపు_98:
చార్లీ చివరి రోజులు కూడా చెప్పు.

ఇంజిన్_ఆయిల్:
చెప్పాలంటే బాధే. కాలిఫోర్నియా వెళ్ళి పొలాల్లో డబ్బు పెట్టి అంతా పోగొట్టుకున్నాడు. 1930ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఒక విమానాల ఫ్యాక్టరీలో మామూలు మెకానిక్‌గా చేరాడు, పక్క బెంచీవాడికి కూడా తెలియదు ఈయనెవరో. హెన్రీ ఫోర్డ్ మనుషులు 1937లో వెతికి పట్టుకున్నారు, ఎందుకంటే ఫోర్డ్ అప్పటికే రైట్ వాళ్ళ ఇల్లూ, సైకిల్ షాపూ డేటన్ నుంచి ఊడదీసి మా మిషిగన్‌కి తెచ్చేసుకున్నాడు, ఏ మెషిన్ ఎక్కడుండేదో చెప్పడానికి చార్లీ కావాలి. చివరికి 1955లో ధర్మాసుపత్రి వార్డులో ఉన్నాడని తెలిసి విమాన రంగంవాళ్ళు డబ్బులు పోగేసి మంచి చోటికి మార్చారు. 1956 జనవరి 30న పోయాడు. ఆర్విల్ పోయింది కూడా జనవరి 30నే, 1948లో. ఇప్పుడు అమెరికా ప్రభుత్వం యాభై ఏళ్ళు పనిచేసిన విమాన మెకానిక్కులకి ఇచ్చే అవార్డు ఈయన పేరు మీదే ఉంది.

శీను_బీవర్‌క్రీక్:
క్రాంక్‌షాఫ్ట్ పేరా నాన్న మూడుసార్లు చదివించుకున్నారు. ఫోన్ తీసుకుని ఊళ్ళో పాత డిపో ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పావుగంట వాయిస్ మెసేజ్ పెట్టారు. థాంక్స్ అన్నా.

కొత్తబిచ్చగాడు:
నా వంతు. ఎడ్విన్ మోసెస్. నేను రోజూ ఫుడ్ డెలివరీకి ఎడ్విన్ సి మోసెస్ బులెవార్డ్ మీదుగానే పోయేవాణ్ణి, ఎవరో మేయర్ అనుకున్నా. 400 మీటర్ల హర్డిల్స్, 1976, 1984 ఒలింపిక్ గోల్డ్‌లు. 1977 నుంచి 1987 దాకా వరసగా 122 రేసులు గెలిచాడు. పదేళ్ళు ఓడిపోలేదు!! హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య మిగతావాళ్ళు 14, 15 అడుగులు వేస్తుంటే ఈయన రేసు మొత్తం 13 అడుగులే. కాలేజీలో ఫిజిక్స్ చదివాడు, లెక్కలేసుకుని పరిగెత్తాడన్నమాట. నేను ఒక్క ఇంటర్వ్యూలో గెలవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

సెంటర్‌విల్_అమ్మలు:
ఎర్మా బాంబెక్ పేరు చెప్పకుండా ఈ థ్రెడ్ మూసేస్తే ఊరుకోను. నేను కొత్తగా పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇంగ్లీషు రాక, బయటికి వెళ్ళక, ఏడుస్తూ కూర్చునే రోజుల్లో పక్కింటి ముసలావిడ ఈవిడ పుస్తకం ఇచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ డేటన్‌లో చదివింది. ముగ్గురు పిల్లల తల్లి, 37 ఏళ్ళప్పుడు, 1964లో, ఒక చిన్న పేపర్‌కి ఇంటి పని మీద కాలమ్ రాస్తానని అడిగింది, కాలమ్‌కి 3 డాలర్లు. ఆఖరికి 900 పేపర్లలో వచ్చేది. బట్టలు, అంట్లు, పిల్లల ముక్కులు, మొగుడి టీవీ, ఇవే విషయాలు. సెంటర్‌విల్‌లో ఎదురింటాయన ఎవరో తెలుసా, ఫిల్ డొనాహ్యూ. ప్రేక్షకుల దగ్గరికి మైకు పట్టుకుని వెళ్ళి మాట్లాడించే టీవీ షో ఆయనే 1967లో డేటన్‌లో మొదలుపెట్టాడు. ఒకే వీధిలో ఇద్దరు!

వుడ్‌ల్యాండ్ శ్మశానంలో ఈవిడ సమాధి మీద రాయి కాదు, బండ ఉంటుంది. అరిజోనా నుంచి తెప్పించారు, 29 వేల పౌండ్లు. జీవితమంతా ఇల్లు తుడిచిన మనిషి మీద దుమ్ము దులపక్కర్లేని బండ పెట్టారు, నాకు భలే నచ్చుతుంది. శీనూ, అమ్మగారిని అక్కడికి తీసుకెళ్ళు. రైట్ కుటుంబం, డన్‌బార్, ప్యాటర్సన్ అందరూ అదే చోట ఉన్నారు, కొండ ఎక్కితే ఊరంతా కనబడుతుంది.

కొలంబస్_కిట్టు:
సినిమావాళ్ళు లేరా? మార్టిన్ షీన్ డేటన్ అని విన్నా.

పాతకాపు_98:
ఇక్కడే పుట్టాడు, 1940లో. అసలు పేరు రామోన్ ఎస్తెవెజ్, స్పెయిన్ నుంచి వచ్చిన నాన్న పనిచేసింది ప్యాటర్సన్ ఫ్యాక్టరీలోనే. నటన కోసం యూనివర్సిటీ ఎంట్రన్స్‌లో కావాలనే ఫెయిలయ్యాడు. తమాషా ఏంటంటే 'ది వెస్ట్ వింగ్' సీరియల్లో ప్రెసిడెంట్ ఈయన, ఆయన స్టాఫ్‌లో ఉండే రాబ్ లో, ఆలిసన్ జానీ ఇద్దరూ కూడా డేటన్‌లో పెరిగినవాళ్ళే. వైట్‌హౌస్‌లో ముగ్గురు మనోళ్ళు. నిజం వైట్‌హౌస్ కోసం డేటన్ పత్రికాధిపతి జేమ్స్ కాక్స్ 1920లో నిలబడి చిత్తుగా ఓడిపోయాడు. వైస్ ప్రెసిడెంట్‌గా పక్కన నిలబెట్టుకున్న కుర్రాడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్.

ఇంజిన్_ఆయిల్:
ఛార్లెస్ కెటరింగ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? పక్క ఊరికి పేరే ఆయనది. కార్లకి సెల్ఫ్ స్టార్టర్ పెట్టింది ఆయన. అంతకుముందు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తన్నితే చెయ్యి విరగడమే. ఈయన ముందు క్యాష్ రిజిస్టర్‌కి మోటార్ పెట్టాడు, అక్కడ తెలిసిందేంటంటే డ్రాయర్ తెరవడానికి మోటార్‌కి ఒక్క క్షణం బలం చాలు, రోజంతా తిరగక్కర్లేదు. కాబట్టి చిన్న మోటార్‌నే కాసేపు గట్టిగా వాడుకోవచ్చు. అదే కిటుకు కారు ఇంజిన్‌కి వాడాడు. ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు. 1912 క్యాడిలాక్‌లో వచ్చింది.

పుస్తకాలపురుగు:
ఎత్తకపోవడానికి కారణం ఉంది. పెట్రోల్లో సీసం కలిపింది ఎవరి ల్యాబ్? 1921 డిసెంబర్, డేటన్, కెటరింగ్ కింద పనిచేసే థామస్ మిడ్‌గ్లీ. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. అందుకే ప్రకటనల్లో ఆ మాటే లేకుండా ఎథిల్ అని ముద్దు పేరు పెట్టి అమ్మారు. తయారు చేసేచోట పనివాళ్ళు చచ్చిపోయారు, అయినా మిడ్‌గ్లీ విలేఖరుల ముందు చేతుల మీద పోసుకుని ఏమీ కాదని చూపించాడు. ఆ మనిషి సీసం వల్ల అంతకు ముందే జబ్బుపడి లేచాడు! తర్వాత ఓజోన్‌కి చిల్లు పెట్టిన ఫ్రియాన్ కూడా ఈ జంటదే.

ఇంజిన్_ఆయిల్:
ఓజోన్ సంగతి 1930లో ఎవరికీ తెలియదు, అది ఆయన మీద వెయ్యకండి. అంతకుముందు ఫ్రిజ్‌ల్లో వాడే గ్యాసులు లీకై ఇంట్లోవాళ్ళు నిద్రలోనే పోయేవాళ్ళు. సీసం విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. మన దేశంలో 2000 దాకా ఆ పెట్రోలే వాడాం, నేను కాలేజీకి వెళ్ళిన బజాజ్ స్కూటర్ పొగ అంతా అదే. క్యాన్సర్ ఆసుపత్రికి కెటరింగ్ పేరు, పిల్లల రక్తంలోకి ఆయన పెట్రోలు.

సెంటర్‌విల్_అమ్మలు:
ఆర్టీసీ బస్సులు డీజిలు కాబట్టి శీను నాన్నగారు బతికిపోయారు.

మోడరేటర్:
కెటరింగ్ మీద వాదన ఇంకా కొనసాగాలంటే వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ అసలు సంగతి పక్కకి పోతోంది. (కూల్‌డ్రింక్ క్యాన్ మీద లాగే రింగు పెట్టిన ఎర్మల్ ఫ్రేజ్ కూడా డేటన్‌వాడే, 1959లో పిక్నిక్‌కి ఓపెనర్ మర్చిపోయి కారు బంపర్‌కి కొట్టి తెరవాల్సి వచ్చిందట. ఇది నా వాటా.)

శీను_బీవర్‌క్రీక్:
శనివారం వెళ్ళొచ్చాం, రిపోర్ట్.

పొద్దున వుడ్‌ల్యాండ్. రైట్ వాళ్ళ సమాధులు చిన్న చిన్న రాళ్ళు, బోర్డు లేకపోతే దాటిపోయేవాళ్ళం. క్యాథరిన్ కూడా వాళ్ళ పక్కనే ఉంది. అమ్మ అది చూసి "చివరికి ఇక్కడికే తెచ్చుకున్నాడు చూడు" అంది. బాంబెక్ గారి బండ నిజంగానే కారంత ఉంది, మా పాప ఎక్కబోతే దించాం. డన్‌బార్ దగ్గర విల్లో చెట్టు నీడ బాగుంది, అక్కడే కూర్చుని పులిహోర తిన్నాం, తినొచ్చో లేదో తెలియదు, ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం కారిలాన్ పార్క్ అనే మ్యూజియం. దీనికి టికెట్ ఉంది. రైట్ వాళ్ళ 1905 నాటి విమానం ఫ్లయర్ 3 అసలుది అక్కడుంది, నేలలో గొయ్యిలా చేసి కింద పెట్టారు, చుట్టూ నడుస్తూ పైనుంచి చూడాలి. నేను ఫొటోలు తీసుకుని ఐదు నిమిషాల్లో వచ్చేశా. నాన్న కదల్లేదు. కాసేపటికి పిలిచి, "ఒరేయ్, ఇంజిన్ నుంచి రెండు ఫ్యాన్లకీ రెండు సైకిల్ చెయిన్లు పోతున్నాయి చూడు, ఒకటి తిన్నగా పోయింది, ఇంకోదాన్ని ఎనిమిది అంకెలా మెలేశారు. ఎందుకో చెప్పు" అన్నారు. నాకు తెలియలేదు. "రెండూ ఒకే వైపు తిరిగితే బండి పక్కకి గుంజుద్దిరా. ఇంకో గేరు పెట్టాలంటే బరువు. చెయిన్ మెలేస్తే సరిపోయె, పైసా ఖర్చు లేదు" అని, గైడ్‌గా ఉన్న పెద్దాయనకి చేత్తో సైగ చేసి చూపించారు. ఆయన కూడా రిటైరైన మెకానిక్కే అట. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు, నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. క్యాష్ రిజిస్టర్లు, డీడ్స్ కొట్టం చూసేసరికి మూసేసే టైమ్ అయింది.

ఇంజిన్_ఆయిల్ అన్నా, చార్లీ పనిచేసిన షాపు మీ దగ్గర ఉందన్నారుగా. నాన్న రోజూ అడుగుతున్నారు. ఎన్ని గంటల డ్రైవ్? వీల్‌చెయిర్ అక్కర్లేదు గానీ అమ్మ ఎక్కువ నడవలేదు.

ఇంజిన్_ఆయిల్:
మూడున్నర గంటలు, ఐ-75 ఎక్కితే దాదాపు మా ఊరిదాకా అదే రోడ్డు. ఆ షాపు ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ చాలా పెద్దది, అమ్మగారికి గేటు దగ్గరనుంచి లోపల తిరిగే రైలుంది, అది ఎక్కించండి. శుక్రవారం రాత్రికే మా ఇంటికి వచ్చేయండి, పొద్దున్నే జనం రాకముందు షాపు వెనక గదిలోకి వెళ్దాం, లేత్ దగ్గర నాన్నగారికి నేను కూడా రెండు ప్రశ్నలు అడగాలి.

కొలంబస్_కిట్టు:
దారిలో కొలంబస్ తగలదా?

పాతకాపు_98:
తగలదు.